గుడ్డు సాక్ష్యం

గుడ్డు మునిగింది. నా కళ్ల ముందే, నేను తెచ్చిన గుడ్డే, నేను తోమి తెచ్చిన గాజు జాడీలోనే, మా నూతి నీళ్లలో బుడుంగున మునిగి అడుగున పడుకుంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో సగం మంది చప్పట్లు కొట్టారు. మండలం నుంచి వచ్చిన ఆఫీసరు 'నీరు మంచిదే' అని పంచనామా రాశాడు. సాక్షుల సంతకాలు కావాలంటే మొదటి సంతకం నేనే పెట్టాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. ఏది నీటిలో మునుగుతుందో ఏది తేలుతుందో నాకు తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని అనుకునేదాన్ని. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది, ముందు నా మీదే.

మా నుయ్యి సంగతి చెబితేగాని ఈ మంట ఎందుకో అర్థం కాదు. మాది అల్లవరం దాటి ఓడలరేవు వైపు వెళ్తుంటే వచ్చే ఊరు. గాలి బాగా వీచిన రోజు సముద్రం హోరు పెరట్లోకి వినిపిస్తుంది. ఇక్కడ నేల కింద నీళ్లు రెండు పొరలుగా ఉంటాయి. పైన వానలకు ఇంకిన తియ్యటి నీరు, దాని అడుగున సముద్రం తాలూకు ఉప్పునీరు. ఉప్పు కలిసిన నీరు బరువు కాబట్టి అది కిందే ఉంటుంది, మంచినీరు దాని మీద మీగడ కట్టినట్టు నిలబడుతుంది. ఆ మీగడే మా వీధిలో తొమ్మిది ఇళ్లవాళ్లం తాగుతాం.

అందుకని మా నూతికి కొన్ని రూళ్లున్నాయి. మోటారు పెట్టకూడదు. చేద ధబీమని పడెయ్యకూడదు. తేలికపాటి సత్తు చేదను తాడు వదులుగా పట్టుకుని మెల్లగా దించి, నీటి మీద పక్కకి ఒరిగించి, పైపై నీళ్లతో నింపుకోవాలి. ఒక ఇంటివాళ్లు నాలుగు బిందెలు తోడాక రెండో ఇంటివాళ్లు కాసేపు ఆగాలి. ఈ రూళ్లు పెట్టింది ఎవరో నాకు తెలియదు. అమలు చేసేది మాత్రం మా అత్తగారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి అలవాటు కొద్దీ చేదను నూతిలోకి విసిరేశాను. ఆవిడ వంటింట్లోంచి చెయ్యి కడుక్కోకుండా వచ్చేసింది.

"అమ్మాయ్, కింద పడుకున్నదాన్ని లేపకు. అది లేచిందంటే తొందరగా పడుకోదు."

నూతిలో దెయ్యం ఉందని చెబుతోంది కాబోలు అనుకున్నాను. లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. బీఎస్సీ, బీఈడీ చదివిన కోడల్ని మరి. ఆ సంవత్సరమే బడిలో తేలియాడే వస్తువుల పాఠం చెబుతూ, ఉప్పునీటి మీద మంచినీరు మెల్లగా పోస్తే కలవకుండా నిలుస్తుందని పిల్లలకు చూపిస్తుండగా చేతిలో గ్లాసు ఆగిపోయింది. మా అత్తగారు చెప్పిన దెయ్యం ఇదే. బడి గడప తొక్కని మనిషి చేద తాడు చివర తెలుసుకున్నదాన్ని నేను పుస్తకంలో చదివి గొప్ప పడుతున్నాను. ఆవిడకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. అంత పెద్దమనసు నాకు అప్పట్లో లేదు.

ఆ పాఠం అంటే నాకు మహా ఇష్టం. దానికోసం నా చేత్తో ఒక చార్టు రాసుకున్నాను. నీటిని ఒకటి అనుకుంటే మిగతావి ఎంతెంత బరువు అని. కిరసనాయిలు, కొబ్బరినూనె, మంచుగడ్డ నీటికంటే తేలిక. పాలు ఒక్క పిసరు బరువు. బెల్లం పాకం ఇంకాస్త బరువు. ఇసుక, ఇనుము సరేసరి. పిల్లలు ఇళ్లలోంచి కురిడీ కాయ, చింతగింజ, సబ్బుముక్క, చెప్పు ముక్క, ఏది దొరికితే అది తెచ్చి బకెట్లో వేసేవారు. ఆఖర్న నేను గుడ్డు తీసేదాన్ని. జాడీలో మంచినీళ్లు పోసి వేస్తే మునిగేది. గుప్పిళ్లతో ఉప్పు పోసి కలిపితే లేచి పైకి వచ్చేది. పిల్లలు గోల. "మంచినీళ్లలో గుడ్డు మునుగుతుంది, ఉప్పునీళ్లలో తేలుతుంది" అని బోర్డు మీద రాసి, రెండుసార్లు అనిపించేదాన్ని.

మా వైపు గుడ్డంటే రైతులకూ నమ్మకమే. వరినారుకు ఆకుమడి పోసే ముందు గంగాళంలో నీళ్లు పోసి, గుడ్డు తేలి రూపాయి బిళ్లంత పైకి కనబడేదాకా ఉప్పు కలుపుతారు. అందులో విత్తనాలు పోస్తే తాలు గింజ తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. మా ఇంట్లోనూ అంతే. కాబట్టి ఉప్పు ఉందా లేదా అన్నదానికి గుడ్డే సాక్షి అంటే మా ఊళ్లో కాదనేవాడు లేడు. ఆ తెలివే మా కొంప ముంచింది.

రెండేళ్ల క్రితం మా నూతి వెనక వరిచేను రొయ్యల చెరువైంది. చేయించినవాడు మా వీధి చివరి ఇంటివాడే, నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. పోటు సమయానికి డీజిలు ఇంజను పెట్టి ఉప్పుకాలువ నీళ్లు చెరువులోకి తోడించడం మొదలుపెట్టాడు. తాగే నూతికి అంత దగ్గరలో చెరువేంట్రా అంటే, "కింద నల్లమట్టి వేయించేనండి, చుక్క ఇంకదండి" అన్నాడు. నమ్మకేం చేస్తాం.

మొదటి పంట అయ్యేసరికి కందిపప్పు ఉడకడం మానేసింది. టీ కాస్తే పాలు విరిగాయి. సబ్బు నురగ రాలేదు. ఒకరోజు పొద్దున్నే మా అత్తగారు చెంబుడు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసేసి, "లేచింది" అంది. ఆ ఒక్క మాటే.

అర్జీల మీద అర్జీలు పెడితే చివరికి ఆఫీసరు జీపేసుకుని వచ్చాడు. విషయం తేలిక. నీళ్లు ఉప్పెక్కాయని ఆయన రాస్తే చెరువు ఆగుతుంది. మంచివేనని రాస్తే ఇంజను ఇంకో పంటా, ఇంకో పంటా ఆడుతూనే ఉంటుంది, నుయ్యి మాకు దక్కదు. ఆయన తెచ్చిన ఉప్పు కొలిచే మీటరు బ్యాటరీ అయిపోయి చచ్చి పడుంది. ఇంత దూరం వస్తూ బ్యాటరీ చూసుకోవద్దా. సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకి పంపుతానన్నాడు, రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనన్నాడు. తాగి చూడండి అంటే జీపులో ఉన్న సొంత సీసా చూపించాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

అప్పుడు మా చెరువువాడు ముందుకొచ్చాడు. చేతులు కట్టుకుని, ఎంత వినయమో.

"మేడమ్ గారూ, రుచన్నది ఒక్కో నాలిక్కి ఒక్కోలా ఉంటదండి. లెక్క కావాలి కదండీ. మీరు మాకు నేర్పిందే ఉంది కదండీ, గుడ్డు పరీక్ష. తేలితే ఉప్పు, మునిగితే మంచినీళ్లు. మీ చేత్తో మీరే వెయ్యండి, నేను ముట్టుకోను."

"అదీ బాగానే ఉంది. మీకేం అభ్యంతరం లేదు కదా మేడమ్" అన్నాడు ఆఫీసరు.

"ఆయ్, లేదండి" అన్నాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం కూడా వేసింది. ఎన్నేళ్ల నాటి పాఠం, ఇంకా గుర్తుపెట్టుకున్నాడే అనుకున్నాను. ఇంట్లోకి పరిగెత్తినట్టు వెళ్లి, ఆవకాయ జాడీ ఖాళీ చేసి, తోమి, గుడ్డు పట్టుకొచ్చాను. తరవాతది మొదట్లోనే చెప్పాను. నుయ్యి పోయిందని ఏడుస్తున్న తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లు నా మొహంలోకి చూశారు. చెరువు పనికి వెళ్లేవాళ్లు చప్పట్లు కొట్టారు. రోజూ కూలి ఇచ్చే చెరువు కదా, వాళ్లను అనీ లాభం లేదు. నేను మాత్రం 'మరి పప్పెందుకు ఉడకట్లేదు' అని కూడా అడక్కుండా సంతకం పెట్టేశాను, గుడ్డు అబద్ధం చెప్పదు కదా అని.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తగారు అడిగింది.

"గుడ్డు మునిగితే మంచినీళ్లేనని ఎవరే చెప్పేరు?"

"నేనే అత్తయ్యా. ముప్ఫై ఏళ్లు చెప్పేను."

"నా పుట్టిల్లు ఓడలరేవు కదే. నా చిన్నప్పుడు మా అమ్మ నా చేతికిచ్చిన గుడ్ల బుట్ట పడవలోంచి జారి సముద్రంలో పడింది. బుట్ట తేలింది గాని గుడ్డు ఒక్కటీ పైకి రాలేదు. మా అమ్మ నన్ను బాదిన బాదుడు నాకింకా గుర్తే. మరి సముద్రంలోవీ మంచినీళ్లేనా?"

కంచం వదిలేసి లేచి, అటక మీద చుట్ట చుట్టి పెట్టిన నా చార్టు దించాను. సముద్రపు నీరు: ఒకటీ పాయింటు సున్నా రెండు అయిదు. తాజా కోడిగుడ్డు: ఒకటీ పాయింటు సున్నా ఎనిమిది. అంటే సముద్రపు నీరు లీటరు తూస్తే మంచినీటికంటే పాతిక గ్రాములే ఎక్కువ. గుడ్డు అంతకు మించిన బరువు. సముద్రంలోనే మునిగే గుడ్డు మా నూతిలో మునగక ఏం చేస్తుంది? అది తేలాలంటే సముద్రం కంటే మూడు రెట్లు ఉప్పు కావాలి. క్లాసులో జాడీడు నీళ్లకు నేను గుప్పిళ్లకు గుప్పిళ్లు పోసింది అందుకే. విత్తనాల గంగాళంలో మా వారు మూటలు విప్పి పోసేది అందుకే. రెండు అంకెలూ నా చేత్తోనే రాశాను. ఒకటి పై వరసలో, ఒకటి కింది వరసలో. ముప్ఫై ఏళ్లు ఆ చార్టు నా వెనక గోడకు వేలాడింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా చూశానా? చూడలేదు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందంటారే, నన్ను అచ్చంగా గుడ్డే వెక్కిరించింది.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ఓడలరేవు బయల్దేరాను. లెక్క ఒప్పినా కంటితో చూడాలి నాకు. వీధి చివర ఆటో మలుపు తిరుగుతుంటే చెరువువాడి వరండా కనబడింది. నీళ్ల టిన్నులు వరసగా పెట్టి ఉన్నాయి, కొనుక్కొచ్చిన మినరల్ వాటర్. వాడి పెరట్లోనూ పెద్దయ్యాక తవ్వించుకున్న నుయ్యుంది. మా నూతి నీళ్లు మంచివేనని ఊరందరి ముందూ నిరూపించినవాడు తన నూతి నీళ్లు తాగడం ఎప్పుడో మానేశాడన్నమాట. ఆటో కుదుపులకు ఒళ్లోని గుడ్లు పగిలిపోతాయేమోనని రెండు చేతులా పట్టుకున్నాను గాని, ఆ నిమిషాన వాటిని ఎక్కడికి విసరాలో నాకు బాగా తెలుసు.

ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ నన్ను చూసి పని ఆపింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాలి లోతు దిగి, జాడీలో సముద్రాన్ని ముంచుకుని, గుడ్డు వేసి గుడ్లప్పగించి చూస్తున్న ముసలిదాన్ని చూస్తే ఎవరైనా ఆపుతారు.

"సముద్రంలో గుడ్డు ఉడుకుద్దా అమ్మగారూ" అంది.

"తేలుతుందేమోనని చూస్తున్నానమ్మా."

"తేలుద్దని మీకు ఎవరు చెప్పేరండి?"

మునిగిన గుడ్డును తీసి మళ్లీ వేశాను. మళ్లీ మునిగింది. రెండో గుడ్డూ మునిగింది. ఇసకలో కూలబడి, తల వంచుకుని, చాలాసేపు తిట్టాను. ఆఫీసర్ని, చెరువువాణ్ణి, నన్ను, ఆ వరసలో. కాసేపటికి వరస తిరగబడింది. అప్పుడు లేచి, క్యాను నిండా సముద్రపు నీళ్లు పట్టుకుని ఇంటికొచ్చాను.

సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు. రెండు జాడీలు, రెండు గుడ్లు పట్టుకుని వెళ్లాను. రెండో పంటకు కాగితాలు తీసుకోవడానికి చెరువువాడూ వచ్చి ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు. నేను చూడనట్టు ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్లి, కాగితాలు పక్కకు నెట్టి, జాడీలు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో గుడ్డు వేశాను. రెండూ మునిగాయి.

"రెండూ మంచినీళ్లే కదండీ మీ పంచనామా ప్రకారం. కాస్త రుచి చూడండి."

"ఇప్పుడెందుకు మేడమ్..."

"జీపులో సీసా తరవాత తాగుదురుగాని. ముందు ఇది చూడండి."

నా గొంతు క్లాసు గొంతైపోయింది. పక్క బల్లలవాళ్లు కూడా పెన్నులు ఆపేశారు. ఆయన గ్లాసులో కొంచెం పోసుకుని నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి ఊసేశాడు.

"ఇది ఓడలరేవు సముద్రం అండి. దీంట్లోనూ గుడ్డు మునిగింది. ఆ రెండోది మా నుయ్యి. అదీ చూడండి."

చూశాడు. మింగలేదు, ఊయడానికీ మొహమాటపడ్డాడు. చివరికి, "ఉప్పగానే ఉందండి" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు చెరువువాడి వైపు తిరిగాను.

"ఏరా, సముద్రంలో గుడ్డు మునుగుతుందని నీకు తెలుసా, తెలీదా? నిజం చెప్పు."

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"తొమ్మిదో తరగతిలో మీరు గుడ్డు తేల్చి చూపించిన రోజున నేను లేచి అడిగేనండి, సముద్రంలో వేస్తే తేలుద్దా మేడమ్ గారూ అని. సిలబస్‌లో లేనిది అడక్కు, కూర్చో అన్నారండి. ఆ ఆదివారం మా మామయ్యతో ఓడలరేవెళ్లి వేసి చూసేను. మునిగిపోయింది. సోమవారం మీతో చెబుదామనే వచ్చేనండి. మళ్లీ కూర్చోమంటారని చెప్పలేదు."

వాడు వెటకారంగా అన్నా బాగుండేది. మామూలుగానే అన్నాడు.

"నేను కూర్చోమంటే నన్ను తిట్టుకో" అన్నాను. "వీధి వీధంతటి నోట్లో ఉప్పెందుకు పోశావురా? మా అత్తగారు నీకెప్పుడు చేద లేదంది? చిన్నప్పుడు ఆ నూతి నీళ్లు తాగి పెరగలేదా నువ్వు?"

ఆఫీసరు కుర్చీ జరిపి, "మేడమ్ గారూ, ముందు మీరు కూర్చోండి" అన్నాడు.

కూర్చోలేదు. పాత పంచనామా కొట్టేసి, కొత్తది రాసి, చెరువు ఆపాలనీ నీళ్లు కాలువలోకి వదిలెయ్యాలనీ కింద సంతకం చేసేదాకా బల్ల ముందు నిలబడే ఉన్నాను. ఈసారి ప్రతి వాక్యం చదివి నా సంతకం పెట్టాను. వాడూ పెట్టాడు.

ఇంజను ఆగింది. చెరువు ఎండింది. నూతి నీళ్లు మాత్రం తియ్యగా మారలేదు. లేచిన ఉప్పు కిందకి దిగాలంటే ఎన్ని వానలు పడాలో నా చార్టులో లేదు. మేమూ టిన్నులే కొనుక్కుంటున్నాం. మా అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే చేద మెల్లగా దించి, పక్కకి ఒరిగించి, చెంబుడు పైనీళ్లు తీసి నోట్లో పోసుకుని చూసి ఊసేస్తుంది.

ఆ సోమవారం ఆఫీసు నుంచి రాగానే ఆవిడకి జరిగిందంతా చెప్పాను. జాడీల సంగతి, ఆఫీసరు ఊయడం, నేను నిలబడటం. వాడు చెప్పింది కూడా దాచకుండా చెప్పాను. వాణ్ణి నాలుగు తిడుతుందని ఎదురుచూశాను.

"కుర్రాడు మంచి మాటే అడిగేడు కదే. ఆ రోజే చెప్పేస్తే పోయేది కదా" అంది.

"నాకూ తెలీదత్తయ్యా" అన్నాను.

ముప్ఫై ఏళ్లలో ఏ క్లాసులోనూ, ఏ పిల్లాడికీ నేను ఆ మాట చెప్పలేదు. తెలియనప్పుడల్లా కూర్చోమన్నాను.